శస్త్రచికిత్సల నాణ్యతకు ప్రసూతి విభాగాల నివేదికలే ఆధారం

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం తెలంగాణలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్ ద్వారా జరిగినవి. ప్రభుత్వ ఆసుపత్రులలో ఇది 44.5 శాతం కాగా, ప్రైవేటులో 81.5 శాతం. 2016లో జగిత్యాల, రాజన్న సిరిసిల్ల జిల్లాలు విడివడిన తరువాత మిగిలిన కరీంనగర్ జిల్లాలో ఇది 80 శాతాన్ని మించినది.

అయితే ఈ అంకె ఒక్కటే ఏ విభాగపు పనితీరునూ తెలుపజాలదు. కోరుట్ల నుంచి క్లిష్టమైన కాన్పును జగిత్యాలకు పంపినచో ఆ శస్త్రచికిత్స జగిత్యాల లెక్కలోనే చేరుతుంది. 2022లో జగిత్యాలలో, 2023లో సిరిసిల్లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనందున ఇటువంటి కేసులు అక్కడికి ఎక్కువగా రావడం సహజం. ఈ చిక్కును తీర్చుటకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో రాబ్సన్ వర్గీకరణను సిఫారసు చేసినది. తొలి కాన్పా, పూర్వం ఆపరేషన్ అయినదా, నెలలు నిండినవా, బిడ్డ తల క్రిందికి ఉన్నదా, కవలలా, నొప్పులు వాటంతట అవే వచ్చినవా అను వివరాలను బట్టి గర్భిణులను పది వర్గాలుగా విభజిస్తారు. ఇవన్నీ కేస్ షీటులో ఉండేవే. నొప్పులు రాకముందే ముహూర్తం చూచి చేయించిన పెద్దాపరేషన్లు కూడా ఇందులో దాగవు.

కుట్లకు చీము పట్టడం లెక్కకు అందని మరొక విషయం. శస్త్రచికిత్స అయిన 30 రోజుల వరకు ఇది గమనించదగినది. బాలింత మాత్రం కొద్ది రోజులకే ఇల్లు చేరుతుంది. పదవ రోజున గాయం ఎర్రబడి, ఆమె ఊరిలోని ఆర్‌ఎంపీ వద్ద ఇంజెక్షను వేయించుకుంటే, ఆసుపత్రి రిజిస్టరులో ఆ విభాగం నిష్కళంకమే! బీడీలు చుట్టి జీవించే కుటుంబాలు అనేకం గల ఈ ప్రాంతంలో, గాయం మానక కూర్చోలేని తల్లి కూలిని సైతం కోల్పోతుంది. సిజేరియన్ అయిన తల్లుల ఇళ్లకు ఆశా కార్యకర్తలు 7వ రోజు నుంచి 42వ రోజు వరకు ఐదు పర్యాయాలు వెళ్లవలసి ఉన్నది. అప్పుడు కుట్లను అడిగి తెలుసుకొని, ఆపరేషన్ జరిగిన విభాగానికే ఫోను ద్వారా తెలిపే ఏర్పాటుకు కొత్త సిబ్బంది అవసరం ఉండదు.

నిజాన్ని నివేదించిన విభాగానికే సంజాయిషీ మెమో అందినచో, మరుసటి నెల నుంచి సున్నాలే వస్తాయి. 2017 డిసెంబరులో కేంద్రం ప్రారంభించిన 'లక్ష్య' కార్యక్రమం ప్రసూతి గదులు, ప్రసూతి ఆపరేషన్ థియేటర్ల నాణ్యతను మదింపు చేసి నగదు ప్రోత్సాహకం కల్పించినది. అటువంటి ప్రోత్సాహకం తక్కువ అంకెకు గాక పూర్తి నివేదికకు దక్కడం న్యాయం. వెదకడం ప్రారంభించిన తొలి నెలలలో చీము కేసులు పెరిగినట్లు కనిపిస్తాయి. ఆ దశలో ఆసుపత్రులకు ర్యాంకులు ప్రకటించక, ప్రతి విభాగాన్నీ దాని గత నెలతోనే పోల్చి సమీక్షించాలి. ప్రైవేటు నర్సింగ్ హోములను కూడా ఇదే పట్టికలోకి తేవలసి ఉన్నది.