గీత లేని సముద్రం, గోడలున్న జైలు

2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన మా శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులను పాకిస్తాన్ సముద్ర భద్రతా దళం పట్టుకొని కరాచీ జైలులో పెట్టింది. వారిలో 20 మందిని 2020 జనవరి 6న వాఘా సరిహద్దు వద్ద అప్పగించారు. డి. మత్స్యలేశం వంటి పల్లెలు ఏడాదికి పైగా ఎదురుచూశాయి. 2025లో ఆ కథ 'తండేల్' సినిమాగా వచ్చింది. మనం చప్పట్లు కొట్టి ఇళ్ళకు వచ్చేశాము. నా అభ్యంతరమల్లా ఆ చప్పట్లతోనే విషయం ముగిసిందనుకోవడం మీద.

చేపలు పట్టుకొనేవాడిని ఏళ్ళ తరబడి బంధించడాన్ని రెండు ప్రభుత్వాలూ 'భద్రత' అంటున్నాయి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు ఇచ్చిపుచ్చుకుంటారు. 2025 జూలై జాబితాల్లో పాకిస్తాన్ చెరలో మన మత్స్యకారులు 193 మంది, మన చెరలో వారి మత్స్యకారులు 81 మంది. జాబితాలు మాత్రం తేదీ తప్పవు!

ఐక్యరాజ్యసమితి సముద్ర న్యాయ ఒప్పందం 73వ అధికరణం ఏమంటున్నదో చూడండి. ప్రత్యేక ఆర్థిక మండలంలో చేపల వేట నిబంధనలు మీరినవారికి, ఆ దేశాల మధ్య వేరే ఒప్పందం లేనప్పుడు, జైలు శిక్ష వేయరాదు. తగిన పూచీకత్తు తీసుకొని పడవనూ మనుషులనూ సత్వరం విడిచిపెట్టాలి. దీనిని ఇరుదేశాలూ ఆమోదించాయి. పైగా సర్ క్రీక్ వివాదం తెగక అక్కడ సముద్ర సరిహద్దే ఖరారు కాలేదు. ప్రభుత్వాలు గీయలేని గీతను కలాసీ చీకట్లో ఎలా గుర్తుపట్టాలి?

"2008లో ముంబయి హంతకులు చేపల పడవ మీదే కదా వచ్చింది?" అని అడుగుతారు. నిజమే. కనుక ఆపండి, సోదా చేయండి, ప్రశ్నించండి. మత్స్యకారుడేనని తేలిన తరువాత కూడా బంధించి ఉంచితే దొరికే ఉగ్రవాది ఎవరు?

ఇరుగుపొరుగుల వైరం మనకొక్కరికే లేదు. ఉత్తర ధ్రువం చెంత బారెంట్స్ సముద్రంలో నార్వే, రష్యాలు దాదాపు 40 ఏళ్ళు సరిహద్దుపై తగవులాడుకొని 2010లో ఒప్పందం చేసుకున్నాయి. తగవు తెగకముందే, 1970ల నుంచీ, ఉమ్మడి సంఘం ద్వారా ఎవరు ఎంత కాడ్ చేప పట్టాలో నిర్ణయించుకుంటున్నాయి. నీరు వేడెక్కి చేపలు చోటు మారుతున్నా, 2022 యుద్ధం తరువాత పరస్పరం అనుమానం పెరిగినా, ఆ సంప్రదింపులు ఆగిపోలేదు. స్నేహం వల్ల కాదు, అవసరం వల్ల. అరేబియా సముద్రమూ వేడెక్కుతూనే ఉన్నది. మనకా అవసరం లేదా?

మరి, ఇంటి ముందు సముద్రం పెట్టుకొని మావాళ్ళు వెరావల్ దాకా ఎందుకు పోతున్నారు? ఇంత పొడవైన మా తీరంలో మరపడవలకు చాలినన్ని చేపల రేవులు లేక. ఆ తప్పు పాకిస్తాన్‌ది కాదు.

రేవు కట్టడం, 73వ అధికరణాన్ని పాటించడం — ఈ రెండూ సినిమాకు పనికొచ్చే సన్నివేశాలు కావు. మత్స్యకారుడికి కావలసినవి అవే.