సోషియాలజీ చదివితే ఫాయిదా ఏంటని అడిగే పెద్దలకు



"ఇంజినీరింగ్ చేస్తే నౌకరీ, నర్సింగ్ చేస్తే గల్ఫ్. సోషియాలజీలో పీహెచ్‌డీ చేస్తే ఏం ఫాయిదా?" మన ఇళ్లలో పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు, ఈ సవాల్‌కి జవాబ్ చెప్పలేక ఖామోష్ అయిపోతున్నారు. వాళ్ల తరఫున నేను చెప్తాను. పెద్దలు కాస్త సబర్‌తో వినండి.

మన పిల్లలు ఇంజినీరింగ్ సీట్లు తెచ్చుకుంటున్నది దేని మీద? బీసీ-ఇ 4 శాతం మీద. అది దేని మీద నిలబడింది? సమాజాన్ని చదివి రాసిన ఒక నివేదిక మీద. 2004లో, 2005లో ముస్లింలందరికీ 5 శాతం ఇస్తే హైకోర్టు రెండుసార్లూ కొట్టేసింది. వెనుకబాటుతనాన్ని తేల్చిన పద్ధతే సరిగా లేదని 2005లో తప్పుపట్టింది. 2007లో పి.ఎస్. కృష్ణన్ నివేదిక వచ్చాకే 14 తబ్కాలకు చట్టం వచ్చింది. ఆ జాబితాలో ధోబీ ఉన్నాడు, హజామ్ ఉన్నాడు, మాంసం కొట్టే ఖురేషీ ఉన్నాడు, అత్తరమ్మే సాయిబు ఉన్నాడు. చేతి పని చూపించి తెచ్చుకున్న హక్ అది. 2010లో హైకోర్టు దాన్నీ కొట్టేస్తే, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు మీద నడుస్తోంది. రేపు అదాలత్ మళ్లీ సబూత్ అడిగితే జల్సాలో చేసిన తఖ్రీర్లు చూపిస్తామా?

మన విశాఖనే తీసుకోండి. 1933లో పోర్టు, తర్వాత షిప్‌యార్డు, ఆ తర్వాత 32 మంది ప్రాణాలిచ్చి సాధించుకున్న ఉక్కు ఫ్యాక్టరీ. మెహనత్ మీద బతికే షహర్ ఇది. 2021 జనవరిలో ఆ ఫ్యాక్టరీని అమ్మేస్తామన్నారు. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ అన్నారు. ఆ పైసల్లో కాంట్రాక్టు వెల్డర్ ఇంటికి చేరిందెంత? గేట్‌పాస్ ఆగిన మర్నాటి నుంచి ఆ ఇల్లు ఎలా గడుస్తోంది? అమ్మీ కుట్టుమిషన్ తొక్కి రోజుకెంత తెస్తోంది? ఆ వెల్డర్లలో, లారీ క్లీనర్లలో, షెడ్డు మెకానిక్‌లలో మనవాళ్లెందరు? ఇవన్నీ అడిగి, లెక్కగట్టి, సబూత్‌తో రాయడమే పని జీవితం మీద పీహెచ్‌డీ. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి అడిగితే మన ఆడవాళ్లు తలుపు చాటు నుంచి రెండు ముక్కలు చెప్పి పంపేస్తారు. మన బేటీ వెళ్తే కూర్చోబెట్టి, చాయ్ ఇచ్చి, జిందగీ మొత్తం చెప్తారు.

ఇది మనది కాని ఇల్మ్ అంటారా? సంపాదనకు మూలం మనిషి మెహనతేనని 1377లోనే ముఖద్దిమాలో వాదించినవాడు ఇబ్న్ ఖల్దూన్.

ఇక హుకూమత్‌కి ఒక మాట. 2009లో మొదలైన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని 2022 డిసెంబర్‌లో ఆపేస్తున్నట్టు ప్రకటించారు. వేరే పథకాలు ఉన్నాయి కదా అన్నారు. మజ్దూర్ ఇంట్లోంచి మొదటిసారి రీసెర్చికి బయల్దేరిన పిల్లకి అది హాస్టల్ ఖర్చు, బస్సు చార్జీ. తిరిగి ఇవ్వమని గట్టిగా అడగాల్సిందే.

అయితే అడుగుతూ కూర్చుంటే సరిపోదు. నెట్ రాసి జేఆర్‌ఎఫ్ తెచ్చుకుంటే నెలకు 37 వేలు వస్తాయి. షాదీఖానాలకు, దావత్‌లకు చందాలు పోగుచేసే జమాత్‌లు ఏడాదికి పదిమంది పిల్లలకు ఆ పరీక్ష కోచింగ్ ఇప్పించలేవా? 1926లో పెట్టిన ఆంధ్రా యూనివర్సిటీ మన ఊళ్లోనే ఉంది. బేటీ అక్కడ సోషియాలజీ చదువుతానంటే, "ఫాయిదా ఏంటి?" అని అడగకండి. "ఏ బస్తీ మీద రాస్తావ్ బేటా?" అని అడగండి.