పరపతి, ఫోను

‘పరపతి’ యను మాటకు మన భాషలో రెండర్థములు కలవు. అప్పు పుట్టుట ఒకటి, నలుగురిలో మాట చెల్లుట మరియొకటి. ఇందు వింత లేదు. 1904 వ సంవత్సరపు సహకార పరపతి సంఘముల చట్టము క్రింద ఏర్పడిన పల్లె సంఘములలో సాధారణముగా సభ్యుల బాధ్యతకు మేర లేకుండెను. ఒకడు ఎగవేసిన అప్పునకు తక్కినవారును పూచీపడవలసి యుండెను. కావున అప్పిచ్చుటకు ముందు పొలముతోపాటు మనిషి నడవడిని గూడ ఊరు విచారించెడిది.

ఇప్పుడా పేరు ఫోనులోనికి చేరినది. బేతంచెర్ల ప్రాంతమున వాట్సాపు గ్రూపు లేని పల్లెను మేము చూడలేదు. వాన కబురు, వేరుసెనగ ధర, పెండ్లి పిలుపు, నాపరాతి గనిలో పని, అన్నియు నందే. మేలే. పురుగు పట్టిన ఆకును ఫోటో తీసి పంపుడని మేమును రైతులను కోరుచుందుము. కాని రచ్చబండకడ ఒకడు పలికిన మాటను, విన్నవారు వాని ముఖము చూచి తూచుకొందురు. గ్రూపులోని మాట ముఖము లేకయే ఊరూరు తిరుగును. పంపినవాడు రెండు దినముల పైచిలుకు గడువులో దానిని చెరిపివేయవచ్చును గాని, అంతలో మరియొకరు వేరు గ్రూపునకు పంపియున్నచో ఆ ప్రతి చెరగదు.

మేమెరిగిన యొక సంఘమున బాకీదారుల పట్టికను ఫోటో తీసి రాత్రివేళ గ్రూపులో పెట్టిరి. అందొక రైతు ముందటి దినముననే బాకీ చెల్లించి రసీదు పొందియుండెను. తెల్లవారునప్పటికి ఆ పట్టిక, ఆయన కుమార్తెకు సంబంధము చూచుచున్న ఊరికి చేరెను. రసీదు మాత్రము ఆయన జేబులోనే యుండెను! బాకీ వసూలు కావలసినదే, మేము కాదనము. కాని నోటీసు పోవలసినది సభ్యుని చేతికి. కాబోవు వియ్యాలవారికి దానితో నేమి పని?

సంఘమే ఇట్లు చేసినచో ఫోను అప్పుల వ్యాపారులకును మనకును భేదమేమి? నిమిషములలో అప్పిత్తుమను కొన్ని యాపులు, మొదటనే ఫోనులోని పేర్లు, నంబర్లు, ఫోటోలు చూచుటకు అనుమతి అడుగును. వాయిదా తప్పినచో బంధువులందరికి ‘వీడు దొంగ’ యను సందేశములు, మార్చిన అసభ్యపు ఫోటోలు పోవును. పొలము అక్కరలేదు, పేరే వారికి తాకట్టు. ఈ యవమానము తాళలేక తెలుగునాట కొందరు ప్రాణములు తీసికొనిరి. 2020 డిసెంబరులో హైదరాబాదు పోలీసులు ఇట్టివారిని పలువురిని అరెస్టు చేసిరి. అప్పిచ్చు యాపులు ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను ముట్టరాదని రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరులో ఆదేశించెను. కావున అట్టి అనుమతి అడుగు యాపును, అది ఎంత తీయగా పలికినను, నమ్మరాదు.

పేరు దొంగలు ఇంకొక రకము వారును కలరు. మీ ఫోటోతో ఫేస్‌బుక్కులో దొంగ ఖాతా తెరచి, ‘ఆసుపత్రిలో నున్నాను, పది వేలు పంపు’మని మీ స్నేహితుల నడుగుదురు. 2000 వ సంవత్సరపు సమాచార సాంకేతిక చట్టము ప్రకారము ఈ మోసమునకు మూడేండ్లవరకు జైలుశిక్ష కలదు. డబ్బు పోయినచో వెంటనే 1930 నంబరునకు ఫోను చేయవలెను. వచ్చిన సందేశములను చెరపక సాక్ష్యముగా నుంచవలెను. సిగ్గుచే దాచినకొలది దొంగకే వ్యవధి చిక్కును.

బాకీదారుల పేర్లను గ్రూపులో పెట్టరాదని రాబోవు సర్వసభ్య సమావేశమున తీర్మానింపవలెనని మా కోరిక. ఇట్టి బెదిరింపులు వచ్చిన సభ్యుడు ఒంటరిగా పోలీసు స్టేషను మెట్లెక్కుటకు జంకును. ఆయన వెంట పోవుటకు ఇద్దరు డైరెక్టర్లను ఆనాడే నియమించుట మంచిది.