చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయేంట్రా?

రెజ్యూమెలో అట్టడుగున ఒక హెడ్డింగ్ ఉంటుంది: హాబీస్. థర్డ్ ఇయర్ మొదట్లో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్‌లో కూర్చున్నప్పుడు, మా సెక్షన్‌లో సగం మంది అక్కడ ఒకటే రాశారు. పుస్తకాలు చదవడం, పాటలు వినడం, క్రికెట్ ఆడటం. ట్రైనర్ గారు చూసి, "ఇవి అందరూ రాసేవే, లీడర్‌షిప్ కనిపించేది రాయండి" అన్నారు. వెంటనే నా పక్కనున్నోడు కొట్టేసి ట్రెక్కింగ్ అని రాశాడు. వాడు ఇప్పటిదాకా ఎక్కిన కొండ కైలాసగిరి ఒక్కటే, అది కూడా రోప్‌వేలో.

అందరం నవ్వుకున్నాం. కానీ ఆ రోజు నేను మాత్రం ఆ గడిలో ఏమీ రాయలేకపోయాను. నాకు నిజంగానే ఒక హాబీ ఉండేది. అది ఆగిపోయి అప్పటికి ఆరు నెలలు.

మాది గాజువాక. మా నాన్నకి ఆటోనగర్‌లో చిన్న లేత్ షాపు. షాపంటే ఒక షెడ్డు, రెండు మెషిన్లు, ఒక హెల్పరు. ఆటోనగర్ చూడనివాళ్ళ కోసం చెప్తున్నా: పోర్టుకీ, స్టీల్ ప్లాంటుకీ తిరిగే లారీలకి ఏ జబ్బు చేసినా చాలావరకు ఇక్కడికే వస్తాయి. ఒక వీధిలో ఇంజన్ పని, ఒక వీధిలో కమాన్ కట్టలు, ఇంకో వీధిలో బాడీ కట్టడం. గ్రైండర్ మోత, వెల్డింగ్ వాసన, నేలంతా నల్లటి గ్రీజు. సౌందర్యం వెతుక్కుంటూ ఎవరూ రాని చోటు.

టెన్త్ పరీక్షలయ్యాక సెలవుల్లో నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళేవాణ్ణి. పక్క షెడ్డులో కొత్తగా బాడీ కట్టిన లారీలకి పేర్లు రాసే పెయింటర్ ఒకాయన ఉండేవారు. నేను మావయ్యా అని పిలిచేవాణ్ణి. సుద్ద రాసిన దారాన్ని రెండు చివర్లా లాగి పట్టి, మధ్యలో చరిచేవారు. లారీ ముఖం మీద తిన్నటి తెల్ల గీత పడేది. తర్వాత ఎడమ చేత్తో ఒక కర్ర అడ్డంగా పట్టుకుని, దాని మీద కుడి చెయ్యి ఆనించి, ఎనామిల్ పెయింట్‌తో "శ్రీ సింహాద్రి అప్పన్న" అని రాసేవారు. ఆ రెండు ఒత్తులూ, ఆ క్రావడీ ఒకదానికొకటి తగలకుండా ఎలా సర్దుతారో చూస్తూ క్యారేజీ ఇవ్వడం మర్చిపోయి తిట్లు తిన్నాను.

ఒకరోజు ఆయనే పాత రేకు ముక్క ఒకటి, అరిగిపోయిన బ్రష్ ఒకటి చేతిలో పెట్టి, "గుంటడా, ముందు సున్నా రాయి. సున్నా తిన్నగా వస్తే తెలుగు సగం వచ్చినట్టే" అన్నారు. వారం రోజులు సున్నాలే రాశాను. తర్వాత తలకట్టు. మన అక్షరాల్లో నిలువు గీతలు దాదాపు ఉండవనీ, అంతా వంపులేననీ అప్పుడే గమనించాను. అలా పట్టుకుంది పిచ్చి. ఇంటర్‌లో పొద్దున్నించి రాత్రి దాకా స్టడీ అవర్సే అయినా, రఫ్ బుక్ చివరి పేజీల్లో అక్షరాలు రాస్తూనే ఉన్నాను. ఒక్క 'ఱ' రాస్తూ అరగంట గడిచిపోయేది, ఆ అరగంటలో ర్యాంకు గుర్తొచ్చేది కాదు.

ఇలా టైమ్ తెలియకుండా పనిలో మునిగిపోయే స్థితికి సైకాలజీలో ఒక పేరుంది. మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయి దాన్ని 'ఫ్లో' అన్నారు, 1990లో అదే పేరుతో పుస్తకం రాశారు. పని మరీ తేలిక కాకూడదు, మరీ కష్టం కాకూడదు. మన చేతనైనదానికి కొంచెం పైన ఉండాలి. మావయ్య ఆ పుస్తకం చదివుండరు. కానీ సున్నాలు అయ్యాకే తలకట్టు ఎందుకు ఇచ్చారో ఇప్పుడు తెలుస్తోంది.

హాబీలు మనసుకి మంచివనే మాటకి లెక్కలు కూడా ఉన్నాయి. 2023లో నేచర్ మెడిసిన్ పత్రికలో వచ్చిన ఒక అధ్యయనం 16 దేశాల్లో 65 ఏళ్ళు దాటిన 93,263 మంది వివరాలు చూసింది. హాబీ ఉన్నవాళ్ళలో డిప్రెషన్ లక్షణాలు తక్కువగా, సంతోషం, జీవితం మీద తృప్తి ఎక్కువగా కనిపించాయి. అయితే ఆ 16 దేశాల్లో మన దేశం లేదు, ఆ వయసు మనది కాదు. అందుకే దాన్ని ఊపుతూ "చూశారా, హాబీ ఉంటే అంతా హ్యాపీ" అని నేను అనను. నాకు జరిగింది కాస్త వేరేగా ఉంది.

ఫస్ట్ ఇయర్‌లో ఫ్రెండ్స్ అన్నారు, ఇన్‌స్టాలో పేజీ పెట్టరా అని. పెట్టాను. మొదటి నెల భలే ఉంది. తర్వాత పుట్టినరోజు పేర్లు, పెళ్ళి శుభలేఖలు, "అన్నా, మా హీరో పేరు రాసివ్వవా" అని మెసేజ్‌లు. కొందరు డబ్బులు కూడా ఇచ్చారు. మెల్లగా ఏం మారిందంటే, 'ఱ' రాయడం మానేశాను. 'ఱ'కి లైకులు రావు కదా! ఏ అక్షరం రాయాలనిపిస్తోంది అనే ఆలోచన పోయి, ఏ పోస్టు ఎక్కువ మందికి చేరుతుంది అనే లెక్క వచ్చింది. వారానికి మూడు పోస్టులు పడకపోతే గిల్టీగా ఉండేది. మొత్తానికి అదీ ఒక సబ్జెక్ట్ అయిపోయింది, అందులోనూ బ్యాక్‌లాగ్‌లు మొదలయ్యాయి.

1971లో ఎడ్వర్డ్ డెసీ అనే అమెరికన్ సైకాలజిస్ట్ ఒక ప్రయోగం ఫలితాలు ప్రచురించారు. కాలేజీ విద్యార్థులకి సోమా అనే చెక్కముక్కల పజిల్ ఇచ్చారు. కొందరికి మధ్యలో ఒక్కో పజిల్‌కి ఒక డాలర్ చొప్పున ఇచ్చారు, మిగతావాళ్ళకి ఏమీ ఇవ్వలేదు. తర్వాత డబ్బులు ఆపేసి, ఖాళీ సమయంలో ఎవరు ఎంతసేపు పజిల్ పట్టుకుంటున్నారో గమనించారు. డబ్బు తీసుకున్నవాళ్ళకి దానితో ఊరికే ఆడుకోవాలన్న ఇష్టం తగ్గింది. ఇది చదివినప్పుడు నా ఇన్‌స్టా పేజీయే కళ్ళ ముందు మెదిలింది. డబ్బు తప్పని అనట్లేదు. మావయ్యకి అదే కూడూ గుడ్డా. కానీ బతుకుతెరువు వేరు, హాబీ వేరు. ఆ తేడా తెలియకుండా నేను నా ఒక్క తీరికనీ అమ్ముకున్నాను.

సెకండ్ ఇయర్ రెండో సెమ్‌లో రెండు సబ్జెక్టులు పోయాయి. అప్పటికే పేజీ ఆగింది, తర్వాత నోట్‌బుక్‌లో రాయడం కూడా ఆగింది. రాయాలనిపించలేదు, అంతే. నిద్ర పట్టేది కాదు, పడితే లేవబుద్ధి అయ్యేది కాదు. ఇంట్లో "చదువు మీద పడ్డాడు, ఆ బొమ్మల పిచ్చి వదిలింది" అని సంతోషించారు. వాళ్ళని తప్పుపట్టను. బయటికి అలాగే కనిపించేది.

కనిపెట్టింది కాలేజీ బస్సులో నా పక్క సీటు ఫ్రెండు. వాడు సబ్జెక్ట్ నోట్స్ జిరాక్స్‌కి తీసుకెళ్ళి, తిరిగిస్తూ అడిగాడు: "ఏరా, చివరి పేజీలు ఖాళీగా ఉన్నాయేంట్రా?"

ఏదో చెప్పి తప్పించుకున్నాను. మర్నాడు మళ్ళీ అడిగాడు. మూడో రోజు చెప్పాను. ఎన్ఏడీ జంక్షన్ నుంచి గాజువాక దాకా చెప్పాను. వాడు సలహా ఏమీ ఇవ్వలేదు. ఆ సాయంత్రం నా పక్కన కూర్చుని 14416కి ఫోన్ చేయించాడు. అది టెలీ మానస్, 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత హెల్ప్‌లైన్. రోజంతా ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. తర్వాత డాక్టర్ దగ్గరికి కూడా వెళ్ళాను.

డాక్టర్ ఒక కాగితం ఇచ్చారు. తొమ్మిది ప్రశ్నలు. దాని పేరు పీహెచ్‌క్యూ-9 అనీ, డిప్రెషన్‌ని అంచనా వేయడానికి చాలా దేశాల్లో వాడతారనీ తర్వాత తెలిసింది. అందులో మొదటి ప్రశ్న ఏడుపు గురించి కాదు, చావు గురించి కాదు. గత రెండు వారాల్లో, చేసే పనుల మీద ఆసక్తి గానీ వాటిలో ఆనందం గానీ లేకుండా పోయిందా, ఎన్ని రోజులు అని. అంటే మా ఫ్రెండ్ బస్సులో అడిగిందే.

ఈ వ్యాసం రాస్తోంది ఇందుకే. హాబీల గురించి మనకి రెండే మాటలు తెలుసు. బాగున్నవాడితో "టైమ్ వేస్ట్ చేయకురా" అంటాం. బాగోలేనివాడితో "ఏదైనా హాబీ పెట్టుకోరా, మైండ్ డైవర్ట్ అవుద్ది" అంటాం. రెండూ తప్పు చోట పడుతున్నాయి. డిప్రెషన్ వచ్చినప్పుడు ముందు చచ్చిపోయేదే ఇష్టం. ఇష్టం లేనివాణ్ణి ఇష్టమైన పని చేయమనడం, జ్వరంతో నోరు చేదెక్కినవాడికి బిర్యానీ పెట్టి "రుచిగా ఉంది, తిను" అన్నట్టుంటుంది. తినలేకపోతే వాడు తన్నే తప్పుపట్టుకుంటాడు, "నాకు ఇది కూడా చేతకాదు" అని.

అయితే హాబీకి చోటే లేదా? ఉంది. డాక్టర్ నాతో, రోజూ ఒకే టైమ్‌కి పది నిమిషాలు, ఒక్క అక్షరం చాలు, ఇష్టం కలిగేదాకా ఆగొద్దు అన్నారు. బిహేవియరల్ యాక్టివేషన్ అనే చికిత్స పద్ధతి అది. మూడ్ వచ్చాక పని మొదలుపెట్టడం కాకుండా, చిన్న పనితో మొదలుపెడితే మూడ్ వెనకాల వస్తుంది. మొదటి పదిహేను రోజులు చెక్కలా రాశాను. ఏమీ అనిపించలేదు. ఆ తర్వాత ఒకరోజు పది నిమిషాలు నలభై అయ్యాయి. ఆ రోజు రాసింది 'ఱ'. మందులు, కౌన్సెలింగ్, ఫ్రెండు, నాన్న, అన్నీ కలిసి పనిచేశాయి. హాబీ ఒక్కటే నన్ను కాపాడిందని చెప్తే అబద్ధం.

"పెద్దయ్యాక, సెటిలయ్యాక చూసుకుందాం హాబీల సంగతి" అనేవాళ్ళకి మన ఊరివాళ్ళనే చూపిస్తాను. రావిశాస్త్రి గారు విశాఖలో లాయరు. కాళీపట్నం రామారావు మాస్టారు ఇక్కడే సెయింట్ ఆంథోనీ హైస్కూల్లో పాఠాలు చెప్పుకుంటూ కథలు రాశారు, 'యజ్ఞం' 1964లో వచ్చింది. రాసింది తక్కువే, పరుగెత్తలేదు. రిటైరయ్యాక కూడా ఊరుకోకుండా 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి తెలుగు కథలన్నీ పోగేశారు. వాళ్ళవి సరదాలా, సాహిత్యమా అని మన క్లబ్బులో వాదించుకోవచ్చు. నాకు కావాల్సింది ఒక్కటే: ఆ పని చేయమని వాళ్ళకి ఏ సిలబస్సూ చెప్పలేదు.

ఇంకో సంగతి దాచకూడదు. తీరిక అందరికీ సమానంగా లేదు. మా చెల్లీ నేనూ ఒకే టైమ్‌కి ఇంటికొస్తాం. నేను బ్రష్ పట్టుకుంటాను, తను వంటింట్లో అమ్మకి సాయం చేస్తుంది. తనకి బొమ్మలు కుట్టడం ఇష్టమని మొన్నటిదాకా నాకు తెలియదు. ఇప్పుడు సాయంత్రం గిన్నెలు నావి. హాబీల గొప్పదనం మీద వ్యాసం రాసేవాళ్ళం, ఇంట్లో ఎవరి టైమ్ తిని మనం హాబీ చేస్తున్నామో కూడా ఒకసారి చూసుకోవాలి.

ఎన్‌సీఆర్‌బీ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. వాళ్ళలో ఎంతమంది అంతకుముందు గిటార్ ఆపేశారో, క్యారమ్స్‌కి రావడం మానేశారో, కవితలు పంపడం మానేశారో ఏ రిజిస్టర్‌లోనూ ఉండదు. అది తెలిసేది పక్క సీటువాడికే.

అందుకని నేను అడిగేది చిన్నది. ఈ వారం మీ రూమ్‌మేట్‌నో, బెంచ్‌మేట్‌నో ఒకసారి గమనించండి. ఇంతకుముందు ఇష్టంగా చేసేది ఏదైనా ఆపేశారా? ఆపేస్తే, "డిప్రెషనా?" అని అడగొద్దు, ఎవరూ అవునని చెప్పరు. "ఈ మధ్య షటిల్‌కి రావట్లేదేంటి?" అని అడగండి. తప్పించుకుంటే మర్నాడు మళ్ళీ అడగండి. చెప్తే వినండి. 14416 మీ ఫోన్‌లో సేవ్ చేసి పెట్టుకోండి.

మొన్న ఆదివారం నాన్న షాపు బోర్డు నేనే రాశాను. ఫ్లెక్స్ వేయిస్తే గంటలో అయిపోయేది, నాకు రెండు రోజులు పట్టింది. మావయ్య వచ్చి చూసి, "సున్నా ఇంకా తిన్నగా రాలేదురా" అన్నారు. నిజమే, రాలేదు. ఫొటో ఎక్కడా పెట్టలేదు. చూడాలనుకుంటే ఆటోనగర్ రండి.