హాల్లో కెమెరా, వంటింట్లో చాప

మొన్న సంక్రాంతికి కోనసీమలో మా అత్తయ్యగారింటికి వెళ్ళినప్పుడు ఒక విషయం గమనించాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ హాల్లో ఫ్యాను కింద పడుకోవడం మానేశారు. వంటింట్లో గ్యాసు బండ పక్కన చాప వేసుకుని, చీర కొంగు తల కింద పెట్టుకుని పడుకుంటున్నారు. అక్కడ ఫ్యాను లేదు, గాలి రాదు. డెబ్భై రెండేళ్ళ మనిషికి ఇదేం ఖర్మ అనిపించింది.

"అత్తయ్యా, హాల్లో దివాన్ కాట్ ఉండగా ఇక్కడెందుకు పడుకుంటున్నారు?" అనడిగాను.

ఆవిడ చెయ్యి పైకెత్తి హాలు మూలకి చూపించారు. "అది చూస్తూ ఉంటుందిగా తల్లీ. నిద్రలో కాలెక్కడుంటుందో, కొంగెక్కడుంటుందో. చిన్నాడు ఆఫీసులో నలుగురి మధ్యా కూర్చుని ఫోన్ తెరిస్తే?"

ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు. ఎందుకంటే ఆ కెమెరాలు పెట్టించింది మేమే.

రెండేళ్ళ క్రితం వాళ్ళ వీధిలో వరసగా రెండు దొంగతనాలు జరిగాయి. అత్తయ్య ఒక్కరే ఉంటారు కదా అని అన్నదమ్ములిద్దరూ మాట్లాడుకుని నాలుగు కెమెరాలు పెట్టించారు. గేటు దగ్గర ఒకటి, పెరట్లో ఒకటి, మేడ మెట్ల దగ్గర ఒకటి, హాల్లో ఒకటి. రికార్డయ్యే డబ్బాని నడవలో బీరువా మీద పెట్టారు. కెమెరాల అబ్బాయి ఇంటర్నెట్ రౌటర్ నుంచి ఆ డబ్బాకి ఒక వైరు లాగి, డబ్బా మీది క్యూఆర్ కోడ్‌ని మావారి ఫోన్లోనూ, వీడియో కాల్‌లో చూపించి డల్లాస్‌లో ఉన్న మా మరిది ఫోన్లోనూ స్కాన్ చేయించాడు. పది నిమిషాల పని. అందరం చప్పట్లు కొట్టినంత పని చేశాం. అత్తయ్యని మాత్రం ఎవరూ ఏమీ అడగలేదు.

ఆ పది నిమిషాల గురించే ఈరోజు నా గొడవ. కెమెరా బిగించడం ఒక నిర్ణయం, దాని డబ్బాని నెట్‌కి కలపడం ఇంకో నిర్ణయం. మనం రెండిటినీ ఒకటే అనుకుంటున్నాం. రెండోదాన్ని అసలు నిర్ణయంలా చూడకుండా, ఏ పరిచయమూ లేని ఒక కుర్రాడి చేతికి వదిలేస్తున్నాం.

చాలామందికి తెలియని సంగతి ఒకటి చెబుతాను, నాకూ ఈమధ్యే తెలిసింది. రౌటర్ నుంచి వచ్చే ఆ వైరు పీకేసినా కెమెరాల రికార్డింగ్ ఆగదు. డబ్బాలో హార్డ్ డిస్క్ ఉంటుంది. బొమ్మంతా అందులోకే వెళుతుంది. ఒక్కో కెమెరా సెకనుకి 2 మెగాబిట్లు రాస్తుందనుకుంటే, నాలుగూ కలిసి రోజుకి దాదాపు 86 జీబీ. 1 టీబీ డిస్క్‌లో పదకొండు రోజుల బొమ్మ పడుతుంది. ఆ తర్వాత పాతది చెరిపేసి దాని మీదే కొత్తది రాసుకుంటుంది. దొంగ వస్తే సాక్ష్యానికి ఇది చాలు. టీవీకి కలుపుకుని ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. వైరు కలిపేది దూరంగా ఉన్నవాళ్ళు చూడడానికి. అంటే, వైరు కలపాలా వద్దా అన్న ప్రశ్నకి అర్థం, ఈ ఇంటిని బయటి నుంచి ఎవరెవరు చూడొచ్చు అని. ఇది టెక్నికల్ ప్రశ్న కానే కాదు, ఇంటి ప్రశ్న.

పండగ పిండివంటలు అయ్యాక మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని ఆ డబ్బాని టీవీకి కలిపి చూశాను. యూజర్ పేరు అడ్మిన్. పాస్‌వర్డ్ ఒకటి నుంచి ఆరు వరకూ అంకెలు. మా అమ్మాయి నవ్వు ఆపుకోలేకపోయింది. ఆ నవ్వు ఎక్కువసేపు ఉండలేదు. మావారి ఫోన్లోని యాప్ తెరిచి ఈ డబ్బా ఎవరెవరితో పంచుకున్నారో చూస్తే, మూడో పేరొకటి ఉంది. ఆ కెమెరాల అబ్బాయిది. ఏదైనా రిపేరు వస్తే చూడడానికని అప్పట్లో పెట్టుకుని ఉంటాడు, తర్వాత మర్చిపోయి ఉంటాడు. అతను చెడ్డవాడని నేననను. ఎప్పుడూ తెరిచి చూసి ఉండకపోవచ్చు కూడా. కానీ రెండేళ్ళుగా మా అత్తయ్య హాలు ఒక పరాయి మగవాడి ఫోన్లో ఉంది. ఇంటి తాళంచెవి మేస్త్రీ దగ్గర వదిలేసి రెండేళ్ళు నిశ్చింతగా నిద్రపోతామా?

డబ్బాని బయటికి కలపడానికి మామూలుగా రెండు దారులుంటాయి. ఒకటి క్యూఆర్ కోడ్ దారి. డబ్బా తనంతట తనే తయారీ కంపెనీ సర్వర్‌కి కబురు పెడుతుంది. మన ఫోనూ అక్కడికే వెళ్ళి దాన్ని కలుసుకుంటుంది. తేలిక పనే, కానీ మధ్యలో ఇంకొకరి ఇల్లు ఉన్నట్టు. రెండోది రౌటర్‌లో పోర్ట్ తెరవడం. అంటే ప్రహరీగోడకి రంధ్రం పెట్టి ఎవరైనా వచ్చి తలుపు తట్టొచ్చని చెప్పడం. ఇంటర్నెట్ మొత్తాన్నీ గాలిస్తూ, ఎక్కడ ఏ రంధ్రం ఉందో వెతికే యంత్రాలు పగలూ రాత్రీ తిరుగుతూనే ఉంటాయి. అలాంటి తలుపుకి ఒకటి నుంచి ఆరు అంకెల తాళం వేస్తే, వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

ఇదేదో నేను భయపెట్టడానికి చెప్పే మాట కాదు. 2016లో మిరాయ్ అనే ఒక దొంగ ప్రోగ్రామ్ ఇలాగే కెమెరాల్లోకీ, రికార్డింగ్ డబ్బాల్లోకీ, రౌటర్లలోకీ దూరింది. అది వాడిన విద్య పెద్దదేమీ కాదు. ఫ్యాక్టరీలో పెట్టి పంపిన యూజర్ పేర్లూ పాస్‌వర్డ్‌లూ ఓ అరవై దాకా జాబితా రాసుకుని, ఒక్కొక్కటే ప్రయత్నించడం. అలా చేజిక్కించుకున్న పరికరాలన్నిటినీ ఆ ఏడాది అక్టోబర్ 21న డైన్ అనే కంపెనీ మీదికి ఒకేసారి ఉసిగొల్పితే, అమెరికాలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి గంటలతరబడి సరిగ్గా తెరుచుకోలేదు. ఎవరింట్లోనో బీరువా మీద కూర్చున్న డబ్బా తాను ఆ దాడిలో పాల్గొన్నట్టు ఆ ఇంటివాళ్ళకి తెలియను కూడా తెలియదు.

మన ప్రభుత్వం కూడా 2024 ఏప్రిల్‌లో సీసీ కెమెరాలకి భద్రతా నిబంధనలు ప్రకటించింది. పరీక్షలో నెగ్గినవే అమ్మాలన్న నియమం 2025 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చింది. మంచిదే. అయితే కొత్త కెమెరా ఎంత గట్టిదైనా, దానికి మనం పెట్టే పాస్‌వర్డ్ నీరసంగా ఉంటే ఏ నిబంధనా మనని కాపాడలేదు. మన ఇళ్ళలో ఇప్పటికే ఉన్న పాత డబ్బాల సంగతి ఎటూ మనమే చూసుకోవాలి.

బయటివాళ్ళ సంగతి అలా ఉంచండి. నన్ను ఎక్కువ బాధపెట్టింది లోపలివాళ్ళ సంగతి. గోప్యత మనిషికి ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. 2023లో డేటా రక్షణ చట్టం వచ్చింది. కానీ ఆ చట్టం సొంత, ఇంటి అవసరాలకి వాడుకునేదాన్ని మినహాయించింది. అదీ సబబే. తల్లీ కొడుకుల మధ్యకి పోలీసులు రావాలని ఎవరం కోరుకుంటాం? అంటే, ఇంట్లో కెమెరా విషయంలో మనకి ఆ చట్టం అండ లేదు, మర్యాదనే నమ్ముకోవాలి. పూర్వం మగపిల్లలు పెద్దవాళ్ళయ్యాక తల్లి గదిలోకి కూడా దగ్గి, గొంతు సవరించుకుని వచ్చేవారు. ఇప్పుడు వేల మైళ్ళ దూరం నుంచి చప్పుడు చెయ్యకుండా వచ్చేస్తున్నారు. ప్రేమతోనే వస్తున్నారు. అయినా ముందు దగ్గాలి కదా.

"మధ్యాహ్నం మాత్ర వేసుకోలేదేంటమ్మా?" అని మరిది ఫోన్ చేసినప్పుడు మొదట్లో అత్తయ్య మురిసిపోయారట. తర్వాత్తర్వాత "ఆ పక్కింటావిడ గంటసేపు ఏం చెప్పింది?" అని అడిగేసరికి మనసు చివుక్కుమందట. పక్కింటి పిన్నిగారు కూడా ఇప్పుడు హాల్లో కూర్చోవడం లేదు, పెరటి గట్టు మీదే కూర్చుని రెండు మాటలు చెప్పి వెళ్ళిపోతున్నారు. పనిచేసే లక్ష్మి అయితే హాలు తుడిచేటప్పుడు పైట రెండుసార్లు సర్దుకుంటుంది. ఆ మనిషికి కెమెరా ఉందని చెప్పినవాళ్ళే లేరు, తనంతట తనే కనిపెట్టుకుంది. ఇంట్లో పనిచేసేవాళ్ళకి ఎక్కడెక్కడ కెమెరాలున్నాయో మొదటిరోజే చెప్పడం కనీస న్యాయం.

నేనిదంతా చెబితే మావారు ఒప్పుకోలేదు. "మరి పోయిన వానాకాలం అమ్మ పెరట్లో జారిపడితే చూసిందెవరు? తమ్ముడే కదా! వాడు ఫోన్ చేస్తేనేగా పక్కింటివాళ్ళు పరిగెత్తుకొచ్చింది" అన్నారు. నిజమే. ఆ రోజు ఆ వైరు లేకపోతే అత్తయ్య వానలో ఎంతసేపు పడి ఉండేవారో. ఆ ఉపకారాన్ని నేను కాదనను. అందుకే వైరు పీకెయ్యమని నేననడం లేదు. పెరట్లో కెమెరా చేసిన మేలుని చూపించి హాల్లో కెమెరాని సమర్థించుకోవద్దంటున్నాను. హాల్లో కూడా పడిపోవచ్చుగా అంటారా? పడొచ్చు, బాత్రూమ్‌లో ఇంకా ఎక్కువ పడొచ్చు. అక్కడ పెడతామా? ఎక్కడో ఒకచోట ఆగాలి. ఆ గీత ఎక్కడ గియ్యాలో ఆ ఇంట్లో ఉండే మనిషి చెప్పాలి.

అందుకని అత్తయ్యనే అడిగాం. "గేటూ, పెరడూ, మెట్లూ ఉండనీ. హాలుది తీసెయ్యండి" అన్నారు ఆవిడ. అంతే, ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. రెండేళ్ళుగా మనసులో ఉన్న మాటలా ఉంది.

హాలు కెమెరాని వరండాలోకి మార్పించాం. పాస్‌వర్డ్ పొడుగ్గా పెట్టాం, ఆ మూడో ఫోన్‌ని తీసేశాం. రౌటర్‌లో పోర్టులేవీ తెరిచి లేవని చూసుకున్నాం. రౌటర్‌కి కూడా పాత పాస్‌వర్డే ఉంది, అదీ మార్చాం. డబ్బాలో గడియారం చూస్తే ఇరవై నిమిషాలు వెనక ఉంది. రేపు ఏదైనా జరిగితే పోలీసులకి ఆ టైమే చూపిస్తాం కదా, నెట్ నుంచి టైము తనే సరిచేసుకునేలా పెట్టాం. కరెంటు పోతే డబ్బా ఇన్వర్టర్ మీద నడుస్తోంది గానీ రౌటర్ ఆగిపోతోంది, దాన్నీ ఇన్వర్టర్‌కి కలిపించాం. అంతా కలిపి ఒక పూట పని. సకినాలు చుట్టడం కన్నా తేలిక. మగవాళ్ళ పనని మనం పక్కన పెట్టేశాం గానీ ఇందులో మనకి అర్థం కానిదేమీ లేదు. ఇంట్లో ఎక్కువసేపు ఉండేది మనం. ఆ కంటికి ఎక్కువగా కనబడేదీ మనమే. పాస్‌వర్డ్ మన దగ్గర లేకపోతే ఎలా?

కొత్త పాస్‌వర్డ్‌ని అత్తయ్య పాలవాడి లెక్కల పుస్తకం చివరి పేజీలో స్వయంగా రాసుకున్నారు. "మీరు నాకు చెప్పకుండా మార్చడానికి లేదు" అన్నారు కొడుకుతో, నవ్వుతూనే.

మరిది రెండురోజులు అలిగాడు. "అమ్మ కనబడకపోతే నాకు తోచదు వదినా" అన్నాడు. పాపం, వాడి బాధ వాడిది. "కనబడకపోతే ఫోన్ చెయ్యి నాన్నా, మాట్లాడుతుంది" అన్నాను. ఇప్పుడు రోజూ పొద్దున్న మనకి ఏడున్నరకి చేస్తున్నాడు. మాత్ర వేసుకున్నావా అని అడుగుతున్నాడు. వేసుకోని రోజు కూడా ఆవిడ వేసుకున్నాననే చెబుతున్నారని నా అనుమానం. ఆ ఒక్కటీ పక్కింటి పిన్నిగారికి అప్పగించాం. ఆవిడ మళ్ళీ హాల్లోనే కూర్చుంటున్నారు.