ఇటుకకు రంగెందుకు?

ఢిల్లీ పొలిమేరలోని ఇందిరాపురంలో 1950 నాటి ఇంటిని చూడగోరేవారికి నిరాశే మిగులుతుంది. గాజియాబాదు జిల్లాకు చెందిన ఆ ఊళ్ళోని బహుళాంతస్తుల భవనాలు దాదాపు అన్నీ 1990 తరువాత లేచినవే. అక్కడినుండి ఉత్తరంగా అయిదారు గంటలు ప్రయాణిస్తే చండీగఢ్ వస్తుంది. ఆధునిక గృహనిర్మాణానికి మన దేశంలో అదొక పాఠశాల.

నగర రూపకర్త ల కార్బూజియే పేరు అందరూ ఎరిగినదే. కాని జనం కాపురముండే ఇళ్ళను తీర్చినవారిలో ముఖ్యులు ఆయన దాయాది పియేర్ జానరే, ఇంగ్లండు దంపతులు మాక్స్‌వెల్ ఫ్రై, జేన్ డ్రూ. ప్రభుత్వం వద్ద ధనం తక్కువ. చవకగా దొరికేది ఇటుక. ఎండను ఆపి గాలిని రానిచ్చే ఇటుక జాలీ, లోపలికి జరిపి బిగించిన కిటికీ, వేసవి రాత్రులలో పడకకు డాబా — ఆ ఇళ్ళకు ఇవే అలంకారాలు, వేరే నగలు లేవు. జానరే 1954 నుంచి 1965 వరకు నివసించిన సెక్టారు 5లోని 57వ నంబరు ఇల్లు 2017లో మ్యూజియమయింది. పాత ఇంటిని బాగుచేయించదలచినవారు ముందుగా దానిని చూచి రావడం మేలు.

మనవాళ్ళు తలపెట్టే మొదటి పని ఇటుకకు రంగు పూయించడం. ప్లాస్టిక్ రంగు గోడలోని తేమను బయటికి పోనివ్వదు. కొన్నేళ్ళకు ఇటుక పొరలుగా రాలుతుంది. రెండవ పని జాలీని అద్దాలతో మూయించడం, మరుసటి నెలలో ఎయిర్ కండిషనరు కొనడం!

అసలు శత్రువు కంటికి కనబడదు. ఆనాటి సన్‌షేడ్లలో ఇనుప చువ్వలమీది కాంక్రీటు తరచు పలుచన. తేమ తగిలి తుప్పుపట్టిన చువ్వ ఉబ్బి పెచ్చులను ఊడగొడుతుంది. పైపైన సిమెంటు మెత్తిస్తే ఎక్కువకాలం నిలవదు. వదులైన కాంక్రీటును పూర్తిగా తొలగించి, చువ్వ శుభ్రపడేదాకా గీకించి, తుప్పును ఆపే పూత వేయించి, ఆపైన కొత్త కాంక్రీటు పోయించాలి. స్నానాలగది సొగసులకంటే ముందు డబ్బు ఖర్చుపెట్టవలసినది ఇక్కడ.

మన ఊళ్ళ పాత కాలనీలలోని మొజాయిక్ నేలకూ ఇదే న్యాయం. మాసిపోయినదని పెకలించనక్కరలేదు, మిషనుతో అరగదీయించి పాలిష్ పెట్టిస్తే చాలు.

చండీగఢ్‌లో 1 నుంచి 30 వరకు సెక్టార్లలోని ఇళ్ళను అంతస్తులవారీగా అపార్టుమెంట్లు చేయరాదని 2023 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. కుర్చీలకు మాత్రం అంత అదృష్టం లేకపోయింది. జానరే బృందం ఆఫీసులకోసం రూపొందించిన టేకు కుర్చీలెన్నో తుక్కుకింద అమ్ముడుపోయాయి. అవే ఇప్పుడు విదేశీ వేలంపాటలలో లక్షల రూపాయలు పలుకుతున్నాయి. మీ అటకమీది పాత కుర్చీని కూడా ఒకసారి దింపి, తుడిచి చూడండి; పాతసామానువాణ్ణి ఆ తరువాత పిలవవచ్చు.