సంతకానికి ముందే లెక్క చెప్పాలి

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర కోర్సుల బోర్డుల కింద నిలబడే మన పిల్లల నోట జర్మనీ చదువుల మాట ఉంటుంది. కొంచెం ముందుకు వస్తే పంజాగుట్ట నిమ్స్ దగ్గర, చేతిలో మందుల చీటీతో బిల్లు ఎంతవుతుందోనని దిగులుపడే కుటుంబాలు. ప్రియ పాఠకులారా, ఢిల్లీ యూరప్‌తో చేసుకునే ఒప్పందాలు ఈ ఇద్దరినీ తాకుతాయి.

యూరోపియన్ యూనియన్‌తో వాణిజ్య చర్చలు 2007లో మొదలై, 2013లో ఆగి, 2022లో తిరిగి మొదలయ్యాయి. 2026 జనవరి 27న అవి ముగిశాయని ప్రకటించారు. ఆ ఒప్పందం అమలు కావాలంటే యూరోపియన్ పార్లమెంటు ఆమోదం తప్పనిసరి. డెన్మార్క్‌లోనైతే ముఖ్యమైన నిర్ణయాలకు మంత్రి బ్రస్సెల్స్ వెళ్ళకముందే తన వైఖరిని పార్లమెంటు కమిటీకి చెప్పాలి. అక్కడ మెజారిటీ వ్యతిరేకిస్తే ఆ వైఖరితో వెళ్ళడానికి లేదు.

మన దగ్గర ఒప్పందం చేసుకోవడం కేంద్ర ప్రభుత్వ కార్యనిర్వాహక అధికారం. దానికి పార్లమెంటు ఆమోదం అవసరం లేదు. చట్టం మార్చవలసి వచ్చినప్పుడే సభకు పని పడుతుంది.

దీని ఫలితం ఈ వీధులకు తెలుసు. 1970 నాటి చట్టం మందు తయారీ పద్ధతికే పేటెంటు ఇచ్చింది, మందుకు ఇవ్వలేదు. 1984లో అంజిరెడ్డి స్థాపించిన, చాలాకాలం అమీర్‌పేట చిరునామాతో నడిచిన డాక్టర్ రెడ్డీస్ వంటి కంపెనీలు ఆ వీలుతోనే ఎదిగాయి. 1994లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఒప్పందంపై ప్రభుత్వం సంతకం చేసింది. దాని ప్రకారం 2005 నుంచి మందుకే పేటెంటు ఇవ్వవలసి వచ్చింది. అప్పుడు సభలో పట్టుబట్టినందువల్ల సెక్షన్ 3(డి) గట్టిపడింది. పాత మందులో చిన్న మార్పు చేసి కొత్త పేటెంటు అడగడానికి అది అడ్డు. 2013లో స్విట్జర్లాండ్ కంపెనీ నోవార్టిస్ క్యాన్సర్ మందు కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌నే ఆధారం చేసుకుంది. ఆలస్యంగానైనా సభ అడిగింది గనుక రోగికి మేలు జరిగింది.

కాబట్టి ప్రభుత్వాన్ని విదేశీ పర్యటనల సంఖ్యతోనో కరచాలనాల ఫొటోలతోనో కొలవకూడదు. సంతకానికి ముందు ఏమి ఇస్తున్నామో సభకు చెప్పిందా? ఒప్పందం పూర్తి పాఠం ప్రజలకు అందేలా చేసిందా? తరువాత ఏటేటా ఫలితం చెబుతోందా? స్విట్జర్లాండ్, నార్వే, ఐస్‌లాండ్, లీచ్‌టెన్‌స్టెయిన్‌లతో 2024లో కుదిరి, 2025 అక్టోబరు 1 నుంచి అమలవుతున్న ఒప్పందం 15 ఏళ్ళలో 10,000 కోట్ల డాలర్ల పెట్టుబడి, 10 లక్షల ఉద్యోగాలు లక్ష్యంగా పెట్టుకుంది. ఈ ఏడాది ఎంత వచ్చింది, అందులో తెలంగాణకు ఎంత అన్నది సభలో చెప్పవలసిన లెక్క.

గృహనిర్వాహకుడు లెక్క అప్పగించాలని మన సంఘాల్లో బోధిస్తాం. పాలకుల కోసం ప్రతి ఆదివారం ప్రార్థిస్తాం. ఆ ప్రార్థనతోపాటు మన సికింద్రాబాద్ ఎంపీకి ఈ మూడు ప్రశ్నలూ ఒక ఉత్తరంలో రాసి పంపుదాం.